ఎడమ మూల తడి

డ్రైవరు కుళ్లాయప్ప కారు తలుపు పిడి పట్టుకుని గట్టిగా గుంజాడు. రాలేదు. లోపల శశి వెనక సీటు మీద మోకాళ్లేసి, రెండు చేతులతో తాళం గుబ్బను పైకి లాగాడు. లాగిన మరుక్షణమే అది టక్కుమని కిందికి దిగిపోయింది. వాడు మళ్లీ లాగాడు. మళ్లీ టక్కుమంది. బండి ఆ పిల్లవాడితో పంతం పట్టినట్టుంది.

హారను ఆగకుండా మోగుతోంది. ఎవరూ ముట్టుకోకపోయినా వైపర్లు ఎండిన అద్దం మీద కీచుమంటూ అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. ఏప్రిల్ నెల, నడిపొద్దు. ధర్మవరం నుంచి అనంతపురం పోయే దారిలో ఆ తావున చెట్టనేది లేదు. రోడ్డుకు రెండు పక్కలా చెనిక్కాయ పీకేసిన ఎర్రటి చేలు, వాటి మీద సెగ ఆవిరిలా ఊగుతోంది.

బండి నడుస్తుండగానే హారను మొదలైంది. కుళ్లాయప్ప పక్కకు ఆపి, చూద్దామని దిగాడు. ఆ రొద భరించలేక హనుమంతమ్మ కూడా చెవులు మూసుకుని దిగింది. ఆమె తలుపు వేసిందో లేదో, తాళాలన్నీ ఒక్కసారిగా పడ్డాయి. ఇంజను దానంతటదే ఆగిపోయింది. ఏసీ ఆగింది. తాళంచెవి లోపల, పిల్లవాడు లోపల. అద్దాలు బిగించి ఉన్నాయి.

"గట్టిగా పట్టుకో నాయనా. వదలొద్దు," అని కుళ్లాయప్ప అద్దానికి నోరు ఆనించి అరిచాడు. శశి పట్టుకున్నాడు. చెమటకు వేళ్లు జారాయి. టక్కుమంది.

అంతవరకూ ఏడుస్తున్న పిల్లవాడు ఏడుపు ఆపాడు. సీటు మీద అలాగే ఒరిగి, నోరు తెరిచి ఊపిరి తీసుకోసాగాడు. ఆ ఏడుపు ఆగడం చూసి కుళ్లాయప్ప పిడి వదిలేశాడు.

"ఏం జూస్తాండావప్పా. పగలగొట్టు," అంది హనుమంతమ్మ. అరవై దాటిన మనిషి, చేతిలో అప్పటికే రోడ్డు పక్కన దొరికిన రాయి ఉంది. "అద్దం పోతే పోనీ."

కుళ్లాయప్ప మెడలోని టవలు మోచేతికి చుట్టుకుని, రాయి అందుకుని, పిల్లవాడికి దూరంగా ఉండే డ్రైవరు వైపు అద్దాన్ని కొట్టాడు. ఒక దెబ్బకు చెదరలేదు. రెండో దెబ్బకు అద్దమంతా పటికబెల్లం పలుకుల్లా రాలిపోయింది. నడుము దాకా లోపలికి దూరి, వెనక సీటు మీంచి శశిని చంకల కింద పట్టుకుని లాగాడు. మోచేయి కింద ఏదో చల్లగా కోసుకుపోయింది. చూసుకోలేదు.

పిల్లవాడు అవ్వ చేతుల్లో పడ్డాడు. ఆమె సీసాలోని నీళ్లు వాడి నెత్తిన పోసి, తడి కొంగుతో మొహం తుడిచి, రెక్కలతో కప్పుకున్నట్టు కొంగు కప్పి బండి నీడలో కూర్చుంది. కాసేపటికి వాడు, "అవ్వా, నీళ్లు," అన్నాడు. అప్పుడు ఆమె కళ్లు నిండాయి.

హారను ఇంకా మోగుతూనే ఉంది. కుళ్లాయప్ప తాళంచెవి తిప్పి తీసేసినా ఆగలేదు. బానెట్టు ఎత్తి, పానా కోసం వెతికే ఓపిక లేక, బ్యాటరీ టెర్మినలు చేత్తోనే మెలిపెట్టి ఊడబీకాడు. రొద తెగిపోయింది. చేల మీద గాలి వినిపించింది.

హనుమంతమ్మ గుప్పెడు ఎర్రమట్టి తీసి మనవడి చుట్టూ తిప్పి పారేసింది. ఇంకో గుప్పెడు తీసి బండి చుట్టూ తిరిగి పారేసింది.

"పాడు కన్ను. దీనికి ఎన్ని టెంకాయలు కొట్టినా చాల్లేదప్పా," అంది.

*

అనంతపురంలో బండ్ల కంపెనీవారి వర్క్‌షాపుకు ఆ బండిని తాడు కట్టి లాక్కొచ్చారు. దాని యజమాని వెంకటరాముడు, హనుమంతమ్మ కొడుకు. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం. తెల్ల చొక్కా నలగకుండా నిలబడి, పగిలిన అద్దం వైపు ఒకసారి, కుళ్లాయప్ప వైపు ఒకసారి చూస్తున్నాడు.

"పోయిన నెల గదా కొత్త బాక్సు పెట్టింది. నెలకొకటి తింటాదా ఇది," అన్నాడు.

"తినేట్టే ఉండాది సార్," అంది బండి లోపలి నుంచి ఒక గొంతు. ముందర సీటు తీసి పక్కన పెట్టేశారు. ఆ ఖాళీలో సునంద వెల్లకిలా పడుకుని, తల డాష్‌బోర్డు కిందికి దూర్చి ఉంది. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివింది. కంపెనీవాళ్లు చెన్నైలో నేర్పిన కొత్త బండ్ల కరెంటు పనికి ఆ షాపులో ఆమే పెద్ద. ఆ సంగతి అందరికంటే ఎక్కువ ఆమెకే తెలుసు. చుడీదారు మీద ఖాకీ చొక్కా తొడిగి, పళ్ల మధ్య చిన్న టార్చి పట్టుకుని పని చేస్తుంది.

కుళ్లాయప్ప ఆమె చేతులనే చూస్తున్నాడు. అతను చూసిన మెకానిక్కులు తీగలను గుంజేవాళ్లు. ఈ పిల్ల గుంజదు. తీగలను కలిపే ఒక్కో కప్లరు దగ్గర ఆగి, దాని కొక్కెం ఎక్కడుందో వేలి కొసతో తడుముతుంది. నొక్కుతుంది. అది దానంతటదే చేతిలోకి వస్తుంది. వచ్చినదాని మీద తెల్ల ప్లాస్టరు ముక్క అంటించి గుర్తు రాస్తుంది. నిద్రపోయే పిల్లల చెవికమ్మలు తీసే తల్లిలా ఉంది ఆమె పని.

చివరికి అరచేయంత నల్ల పెట్టెను బయటికి తీసి లేచి కూర్చుంది.

"బాడీ కంట్రోల్ మాడ్యూల్. లైట్లు, హారను, వైపర్లు, తాళాలు, అద్దాలు, అన్నిటికీ ఇదే మేస్త్రీ. మేస్త్రీకి పిచ్చి లేస్తే కూలోళ్లంతా పిచ్చిపనులే చేస్తారు." పెట్టె మూత విప్పి లోపలి పలకను వెలుతురులోకి ఎత్తింది. దాని పిన్నుల పొడుగునా పచ్చటి చిలుము పొక్కులు పొక్కులుగా కట్టి ఉంది. "నీళ్లు."

షాపు మేనేజరు ఆదెప్ప పకపకా నవ్వాడు. "నీళ్లా? ఈ జిల్లాలోనా? పైపుల్లోకే రాని నీళ్లు బండ్లోకి యాడ్నుంచి వచ్చెనమ్మా?"

"యాడ్నుంచి వచ్చినాయో తెల్దు. వచ్చినాయి. అంతే."

వెంకటరాముడు నవ్వలేదు. నెమ్మదిగా కుళ్లాయప్ప వైపు తిరిగాడు.

"బండ్లో నీళ్లు మోస్తాండావంట. గార్లదిన్నెకు. మా మగ్గాలోళ్లు చెప్తే నేను నమ్మలే."

గార్లదిన్నె కుళ్లాయప్ప ఊరు. అక్కడ భార్య ఈశ్వరి ఉంది. 

"ఒగసారి అన్నా. ఒగే క్యాను. మా వీధి బోరు ఎండిపోయింటే, నిన్ను అనంతపురంలో దింపి రోంతసేపు పోయి వచ్చినా."

"ఒగసారో పదిసార్లో ఎవురికెరుక. పిల్లోడు సచ్చిపోయేవాడప్పా ఈ పొద్దు." వెంకటరాముడి గొంతు పెరగలేదు, అదే భయంగా ఉంది. "బండి బాగయ్యేదాకా ఈడే ఉండు. అయినాక తాళాలు నా చేతికిచ్చి పో. యజమాని బండిని నీళ్లబండి చేసి పిల్లోని పానం మీదికి తెచ్చినోడని దర్మారంలో అందరికీ చెప్తా. ఇంగ నీ చేతికి ఎవురు స్టీరింగు ఇస్తారో చూస్తా."

అద్దం పగలగొట్టి పిల్లవాణ్ని తీసింది ఎవరో అతను అడగలేదు. కుళ్లాయప్ప కూడా గుర్తు చేయలేదు. ఎందుకంటే అతని బుర్రలో ఇంకొకటి తిరుగుతోంది. ఆ క్యానును అతను పెట్టింది ముందర ఎడమ సీటు దగ్గర, కాళ్లు పెట్టుకునే చోట. మూత వదులు. ఊరి ముందర స్పీడ్‌బ్రేకరు దగ్గర కుదుపుకు తొణికింది. నల్ల పెట్టె బయటపడింది సరిగ్గా ఆ మూల నుంచే.

"రెండో తాళంచెవి యాడుండాది సార్?" అంటోంది సునంద.

"ఇంట్లో. దేవుని గూట్లో. యాలకి?"

"కొత్త బాక్సు వస్తే దానికి రెండు తాళాలూ నేర్పియ్యల్ల. ఒగటే నేర్పితే రెండోదాన్ని దొంగతాళం అనుకుని బండి కదలదు." ఆమె పాత పెట్టెను గుడ్డలో చుట్టింది. "ఇంగో మాట. తడి యాడ్నుంచి దిగిందో తేలకుండా కొత్తది పెట్టను."

"నువ్వు పెట్టమ్మా. తడి సంగతి నేను చూసుకుంటా. తడిపినోడు ఈడే ఉండాడు గదా."

"పెట్టను సార్. పోయిన తూరి నేను లీవులో ఉన్యా, ఈ మారాజులు అడక్కుండానే పెట్టేసినారు. మల్లొకటి చెడిపోయినప్పుడు పిల్లోడు లోపల లేకుండా ఉంటాడని మీరు నాకు మాట ఇస్తారా?"

వెంకటరాముడు చేయి ఊపి పక్కకు తప్పుకున్నాడు. ఆదెప్ప దగ్గాడు. కుళ్లాయప్పను మరునాడు ధర్మవరం పోయి రెండో తాళం తెమ్మన్నారు.

*

బస్సు దిగి వీధిలోకి తిరిగేసరికి మగ్గాల చప్పుడు ఎదురొచ్చింది. కుళ్లాయప్పకు రోజూ అలవాటైన చప్పుడే. ఈ రోజు ప్రతి ఇంటి నుంచీ ఎవరో నాలుక చప్పరిస్తున్నట్టు వినిపించింది.

హనుమంతమ్మ దేవుని గూటి ముందు కూర్చుని ఉంది. అతన్ని చూడగానే అడిగిన మొదటి మాట, "చెయ్యి యాడ కోసుకుండాది?" అని. కట్టు విప్పించి చూసింది. లోపలి నుంచి పసుపు తెచ్చి, నూనెలో కలిపి, గాయానికి తానే పెట్టి, పాత పట్టుచీర అంచు చించి కట్టింది. శశి ఆమె వీపు మీద పడి ఆ తతంగమంతా చూశాడు.

"కుళ్లాయప్పా, మల్ల ఎప్పుడు పగలగొడతావ్ అద్దం?" అన్నాడు.

"నీ పెండ్లికిరా," అన్నాడు కుళ్లాయప్ప. ఆ మాట అన్నాక అతనికి ఏడుపొచ్చింది. నేల చూస్తూ చెప్పేశాడు. "అవ్వా, తప్పు నాదేనేమో. క్యానుతో నీళ్లు మోసినా. ఆ మూలనే తొణికినాయి. నీళ్లు పడినందుకే బాక్సు చెడిపోయిందంట."

హనుమంతమ్మ నవ్వింది. "నీళ్లు పడితే బండి చెడిపోతాదా? సల్లగుంటాది గానీ. వాళ్లు దుడ్ల కోసం ఏమన్నా చెప్తారు. ఇది కన్నే నాయనా. కొన్నప్పటి నుంచి వీధిలో అందరి కన్నూ దాని మీదే. మొదటిసారి లైట్లు పోయినప్పటి నుంచి అమావాస్యే కాదు, శుక్రవారం శుక్రవారం కూడా టెంకాయ కొడతాండా. చూసినావు గదా."

చూశాడు. హారతి పళ్లెం పట్టుకునేది అతనే.

"వెంకటరాముడికి కోపం శానా. నేను మాట్లాడతాలే," అందామె. అయితే ఏం మాట్లాడుతుందో చెప్పలేదు. గూట్లో కుంకుమ భరిణె పక్క నుంచి రెండో తాళంచెవి తీసింది. దానికి పసుపుదారం చుట్టి ఉంది. నల్ల ప్లాస్టిక్కు మీద పసుపు, కుంకుమ, గంధం ఎండి అట్టకట్టాయి. కళ్లకద్దుకుని అతని చేతిలో పెట్టింది.

"రేపు నేనూ వస్తా. కొత్త బాక్సు పెట్టినంక ఉత్తగ రాగూడదు బండి."

*

వర్క్‌షాపులో సునంద ముందటి నేల చాప కూడా పీకేసింది. తాళంచెవి అందుకుని, దాన్ని చూసి కనుబొమ్మలు ఎత్తింది.

కుళ్లాయప్ప ఉండబట్టలేక చెప్పేశాడు. "అమ్మా, నువ్వు ఊరికే తిప్పలు పడొద్దు. ఆ నీళ్లు నావే." క్యాను సంగతి, వదులు మూత సంగతి, స్పీడ్‌బ్రేకరు సంగతి అన్నీ చెప్పాడు.

ఆమె పూర్తిగా విని, "ఈడికి రా అన్నా," అంది. "నీ క్యాను యాడుండె?"

చూపించాడు.

"తొణికితే నీళ్లు కిందికి పోతాయా, పైకి ఎగురుతాయా? చూడు, ఆ చాప కింద ఒట్టి ఇనుము. ఒక్క చుక్క తుప్పు లేదు. బాక్సు ఉండేది జానెడు పైన, పక్కగోడకు." టార్చి వేసింది. గోడ మీద పైనుంచి కిందికి సన్నటి చార దిగి ఉంది. మొదట్లో పసుపుపచ్చగా, కిందికి వచ్చేకొద్దీ జిగటగా నల్లబడింది. "ఇది పైనుంచి వచ్చింది. ఇంగొకటి చూడు."

చార పక్కన ఎర్రచీమల వరస. అవి తొందర లేకుండా, దారి బాగా తెలిసినట్టు, గోడ సందులోకి పోతున్నాయి.

"నీ బోరు నీళ్లలో చీమలకు ఏం రుచి దొరుకుతాది? గార్లదిన్నెలో బోరుకు బెల్లం పానకం వస్తాందా?"

అంత దిగులులోనూ అతనికి నవ్వొచ్చింది. ఛాతీ మీది నుంచి ఒక బస్తా దిగినట్టయింది. మరి ఎవరు? ఆ ప్రశ్న వెనకాలే వచ్చి నిలబడింది.

సునంద తాళంచెవిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. గోడ మీది చారను గోటితో గీకి, అదీ చూసింది. బయటికి వెళ్లి బానెట్టు ఎత్తింది. వైపర్ల కాడలు విప్పింది. ముందు అద్దం కింద పొడుగునా ఉండే నల్ల జల్లెడ పట్టీ ఉంటుంది, గాలి లోపలికి పోయేందుకు. దాని బిళ్లలు ఒక్కొక్కటే ఊడదీసి, పట్టీని విరగకుండా, నెమ్మదిగా పైకెత్తింది. చేయి లోపలికి పెట్టి, ఎడమ మూల నుంచి గుప్పెడు చెత్త తీసి న్యూస్‌పేపరు మీద పరిచింది.

"వాననీళ్లు బయటికి పోయే బొక్క ఇది. ఇట్ల పూడిపోతే నీళ్లు ఇంగ యాడికి పోతాయి? పొంగి లోపలి గోడకు దిగుతాయి, బాక్సు మీదికి. వానే లేదు గాబట్టి ఎవురూ చూసుకోలే."

కుళ్లాయప్ప పేపరు వైపు చూశాడు. వాడి నల్లబడిన బంతిరెక్కలు. టెంకాయ పీచు. ఉబ్బి, మళ్లీ ఎండిన అక్షింతలు, ఇంకా పసుపుగానే ఉన్నాయి.

అతనికి అమావాస్య పొద్దు కళ్లముందుకొచ్చింది. కడిగిన బండి, అద్దం కింద బంతిపూల దండ. హనుమంతమ్మ రాతి మీద టెంకాయ కొడుతుంది. చిప్పలో నిండా నీళ్లు. నేల మీద పోస్తే దేవుడి నీళ్లు పదిమంది కాళ్ల కింద పడతాయని ఆమె పోయదు. చిప్ప ఎత్తి పట్టుకుని, ఎడమ పక్కకు నడిచి, మనవడు కూర్చునే వైపని అద్దం మూలన ఆ జల్లెడలోకి వంచుతుంది. నీళ్లు చుక్క మిగలకుండా మాయమవుతాయి. 'చూడప్పా, ఎట్ల తాగుతాండాదో,' అంటుంది మురిపెంగా. హారతి పళ్లెం పట్టుకున్న తానూ ప్రతిసారీ మురిసిపోయాడు. బండి చెడిపోయేకొద్దీ టెంకాయలు పెరిగాయి. టెంకాయలు పెరిగేకొద్దీ బండి చెడిపోయింది.

"ఎవురు పోసేదన్నా?" అంది సునంద.

"తెల్దు."

"తెలుసు. నీ మొకమే చెప్తాండాది."

అతను చేతికి కట్టిన పట్టు అంచు ముడిని సర్దుకున్నాడు. "తెలిసినా చెప్పనమ్మా. ఆ మనిషి పిల్లోని కోసమే చేసింది అదంతా. నీ చెయ్యే వాని పానం మీదికి తెచ్చిందని ఆయమ్మకు ఎట్ల చెప్పేది? బండికైతే కొత్త బాక్సు వస్తాది."

"నీ పని పోతాది. పేరూ పోతాది."

"ఇంగో పని చూసుకుంటా."

"సరే. నేను బండి సంగతి చెప్తా, మనుషుల సంగతి నాకెందుకు," అంది సునంద పేపరు మడవకుండా అలాగే బల్ల మీద పెట్టి. "మల్ల అమావాస్యకు మల్ల పోస్తే?"

"నేనుంటే ఆపుతా."

"నువ్వు ఉండవు గదన్నా."



*

మరునాడు కొత్త పెట్టె వచ్చింది. సునంద దాన్ని వెంటనే పెట్టలేదు. పూడిన బొక్కను తీగతో పొడిచి, గాలి కొట్టి, ఒక లోటా నీళ్లు తానే పోసి, అవి చక్రం పక్కన నేల మీద పడేదాకా చూసింది. లోపలి గోడను స్పిరిటుతో తుడిచింది. కప్లర్ల నోళ్లను పాత టూత్‌బ్రషుతో, పంటి సందులు కడిగినంత ఓపికగా కడిగి ఆరబెట్టింది. అప్పుడు పెట్టెను గోడకు బిగించి, గుర్తులు చూసుకుంటూ ఒక్కో కప్లరూ నొక్కింది. క్లిక్. క్లిక్. ప్రతి చప్పుడుకూ తల చిన్నగా ఊపింది, ఎవరితోనో ఒప్పందం కుదిరినట్టు.

"తాళమియ్యన్నా."

స్టీరింగు కింద స్కానరు తగిలించి, మొదటి తాళం తిప్పింది. డాష్‌బోర్డులో ఎర్రదీపం గబగబా కొట్టుకుని, నిలకడగా వెలిగి, ఆరిపోయింది. పసుపుదారం తాళం తిప్పింది. దీపం ఈసారి చాలాసేపు కొట్టుకుంది.  అదీ ఆరిపోయింది.

"గుర్తుపట్టింది," అంది సునంద. స్కానరు మీద ఒకటి నొక్కింది. నాలుగు తలుపులూ ఒకే చప్పుడుతో తెరుచుకున్నాయి. హారను నొక్కితే మోగింది, వదిలితే ఊరుకుంది. అంత మామూలు సంగతిని కుళ్లాయప్ప కొత్తగా విన్నాడు. చేయి చాచి బండి పైకప్పును మెల్లగా తట్టాడు. తను నడిపేది కాకపోయినా బాగుంటే చాలనిపించింది.

అప్పుడే అద్దెకారులో వాళ్లు దిగారు. ముందు వెంకటరాముడు, వెనక శశి చేయి పట్టుకుని హనుమంతమ్మ. ఆమె సంచిలో టెంకాయ, బంతిపూల దండ ఉన్నాయి.

"తేలిందా?" అన్నాడు వెంకటరాముడు.

"తేలింది సార్. అవి క్యాను నీళ్లు కావు. ముందద్దం కింది జల్లెడలో నుంచి దిగినాయి. బొక్క పూడిపోయింది, బాగు చేసినా. ఇంగ ఆడ ఏం పోయకుంటే ఈ బాక్సు బండి ఉన్నన్నాళ్లు ఉంటాది."

"జల్లెడ మీద నీళ్లు ఎవురు పోస్తారు? బండి కడిగేది ఎవురు? ఈయప్పే గదా." అతను తిరిగాడు. "నువ్వే గదప్పా కడిగేది?"

"నేనేనన్నా కడిగేది," అన్నాడు కుళ్లాయప్ప.

సునంద అతని వైపు చురుగ్గా చూసింది.  కుళ్లాయప్ప రెండు తాళాలూ తీసి యజమాని చేతిలో పెట్టాడు. వెంకటరాముడు లెక్క సరిపోయినట్టు గుప్పిట మూశాడు.

"రోంత ఆగండి. పొద్దు మించిపోతాది," అంది హనుమంతమ్మ. ఆమె పూజకు లేస్తే మగవాళ్లు మాటలు ఆపేయడం ఆ ఇంట్లో అలవాటు. దండను బండికి తగిలించింది. కర్పూరం వెలిగించింది. పళ్లెం పట్టుకునేందుకు అలవాటుగా కుళ్లాయప్ప వైపు చాపింది, అతనూ అలవాటుగా అందుకున్నాడు. షాపు గుమ్మం దగ్గరి రాతి మీద టెంకాయ కొట్టింది. నీళ్లు నిండిన చిప్పను రెండు చేతులా పట్టుకుని, తొణక్కుండా, ఎడమ పక్కకు నడిచింది.

చిప్ప వంగుతుండగా కుళ్లాయప్ప పళ్లెం వదిలేశాడు. అది గలగలమని దొర్లింది. అతని అరచేయి జల్లెడ మీద బోర్లా పరుచుకుంది.

"ఆడ వద్దవ్వా."

అంతే అన్నాడు. తలెత్తలేదు. చిప్పలోంచి తొణికిన నీళ్లు అతని మణికట్టు మీద, ఆమె కట్టిన పట్టు అంచు మీద పడ్డాయి.

"ఏమిటికప్పా?" అంది హనుమంతమ్మ.

అతను చేయి తీయలేదు. ఆమె అతని చేతిని చూసింది, దాని కింది జల్లెడను చూసింది. తర్వాత ఆమె చూపు పక్కనున్న బల్ల మీదికి, విప్పి పెట్టిన న్యూస్‌పేపరు మీదికి పోయింది. దగ్గరికి నడిచి, ఒక గింజను తీసుకుని రెండు వేళ్ల మధ్య నలిపింది. వేళ్లకు పసుపు అంటింది.

"పాపా, ఇవి యాడ దొరికినాయి?"

"జల్లెడ కిందవ్వా," అంది సునంద మెత్తగా.

"ఆడ పోసిన నీళ్లు యాడికి పోతాయి?"

సునంద కుళ్లాయప్ప వైపు చూసింది. అతను కళ్లతోనే వద్దన్నాడు. కానీ అడిగింది బండి గురించే.

"తాళాల బాక్సు మీదికి."

హనుమంతమ్మ చిప్పను మనవడి నోటికి అందించింది. "తాగు నాయనా." వాడు గడగడా తాగి, మూతి తుడుచుకున్నాడు. అంతవరకూ ఆమె వాడి నెత్తి మీద నుంచి చేయి తీయలేదు.

"ఏందమ్మా ఇదంతా? పోదాం పద. ఈయప్ప సంగతి తేలిపాయ గదా," అన్నాడు వెంకటరాముడు.

ఆమె కొడుకు దగ్గరికి వచ్చి, అతని గుప్పిట విప్పి, తాళాలు తీసుకుంది. పసుపుదారం ఉన్నదాన్నీ లేనిదాన్నీ రెండింటినీ కుళ్లాయప్ప తడిచేతిలో పెట్టి, అతని వేళ్లు మూసింది.

"బండిని చెరిపిందెవురో, పిల్లోని పానం మీదికి తెచ్చిందెవురో దర్మారంలో అందరికీ చెప్తానంటివి గదా. పేరు తెలుసుకుని చెప్పు. ఈయప్ప చెప్పడు, ఈ పాప చెప్పదు. నేను చెప్తాండా, విను."

 షాపులో పనులు చేసుకుంటున్నవాళ్లు కూడా చేతులు ఆపి చూశారు.

"హనుమంతమ్మ."